ప్రతిధ్వని చెప్పేదీ, చెప్పలేనిదీ: లోతు సముద్రపు మేటలను చదవడం

వరదల్లో గోదావరి మోసుకొచ్చే ఎర్రటి ఒండ్రు అంతర్వేది దగ్గరో యానాం దగ్గరో ఆగిపోదు. కొంత డెల్టాలో లంకలుగా, ఇసుక తిన్నెలుగా మేటవేస్తుంది. కొంత తీరం వెంబడి కొట్టుకుపోతుంది. ఇంకొంత ఖండపు అంచు దాటి, ఏటవాలు మీదుగా జారి, వేల మీటర్ల లోతున బంగాళాఖాతం అడుక్కు చేరుతుంది. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముమ్మరంగా ఉన్న కాలంలో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు నదుల ముఖద్వారాలు ఖండపు అంచు వైపు జరిగాయి, ఒండ్రు దాదాపు నేరుగా వాలు మీదే పడింది. సముద్రం ఇలా దిగుతూ ఎక్కుతూ లక్షల ఏళ్లు గడిచాయి. అంతకు చాలా ముందు నుంచీ పేరుకుంటూ వచ్చిన మేటల్లో కృష్ణా–గోదావరి బేసిన్ సహజవాయువు ఉంది. ఇంకా ఉత్తరాన గంగా బ్రహ్మపుత్రలు పోసిన ఒండ్రుతో ఏర్పడిన బెంగాల్ ఫ్యాన్ ప్రపంచంలోని సముద్రగర్భ మేటలన్నిటిలోకీ పెద్దది. దాని పొడవు దాదాపు 3,000 కిలోమీటర్లు, మందం కొన్నిచోట్ల 16 కిలోమీటర్లు. హిమాలయాలు ఎప్పుడు ఎంత అరిగాయో చెప్పే రికార్డు కొండల మీద కంటే ఈ సముద్రపు అడుగునే పదిలంగా ఉంది.

ఈ మేటలను ఎవరూ కంటితో చూడలేదు. సూర్యకాంతి రెండు మూడు వందల మీటర్ల లోతుకే దాదాపు అంతరించిపోతుంది. రాడార్ తరంగాలను ఉప్పునీరు పైపైనే మింగేస్తుంది. అంత లోతుకు వెళ్లి, సముద్రపు అడుగును కూడా చొచ్చుకుని, కిలోమీటర్ల మేర పొరల్లోకి దిగి తిరిగి రాగలిగేది ధ్వని ఒక్కటే. అందుకే లోతు సముద్రపు మేటల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ప్రతిధ్వనుల నుంచి కూర్చిన సీస్మిక్ చిత్రాల ద్వారా తెలిసిందే. ఆ చిత్రాలు ఫోటోల్లాగే కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో తట్టి, మోతను బట్టి పగులు ఉందో లేదో చెప్పేస్తారు, ఆ కుండ ఏ చెరువు మట్టితో చేసిందో మాత్రం ఆ మోత చెప్పదు. సీస్మిక్ చిత్రం సంగతీ అంతే. అది ఆకారాన్ని నమ్మదగినంతగా చెబుతుంది, పదార్థాన్ని సూచిస్తుంది, ఆ మేట ఏ ప్రక్రియలో ఏర్పడిందో ఊహించుకోమంటుంది. ఈ మూడింటికీ ఒకే స్థాయి నమ్మకం ఇవ్వడమే పెద్ద పొరపాటు. ఆకారం దగ్గర మొదలుపెట్టి, పదార్థం గురించి ముందుగా జోస్యం చెప్పి, దాన్ని డ్రిల్లింగ్‌తో పరీక్షించే క్రమశిక్షణ ఉన్నప్పుడే సీస్మిక్ చిత్రాన్ని చదవడం విజ్ఞానమవుతుందన్నది ఈ అధ్యాయం వాదన.

మేట ఎలా పడుతుంది?

చిత్రం చదవాలంటే అందులో ఉన్నది ఎలా ఏర్పడిందో ముందు తెలియాలి. 1929 నవంబర్ 18న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణాన, గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ ప్రాంతంలో అట్లాంటిక్ అడుగున పరిచిన టెలిగ్రాఫ్ కేబుళ్లలో కొన్ని తక్షణమే తెగిపోయాయి. మిగిలినవి వాలు దిగువకు ఒకదాని తర్వాత ఒకటిగా, పదమూడు గంటలకు పైగా తెగుతూ పోయాయి. ఏ కేబుల్ ఎప్పుడు తెగిందో టెలిగ్రాఫ్ కంపెనీల దగ్గర నిమిషాలతో సహా నమోదై ఉంది. 1952లో శాస్త్రజ్ఞులు బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ ఆ సమయాలనూ దూరాలనూ కలిపి లెక్కవేశారు. భూకంపానికి కదిలిన మట్టి నీటితో కలిసి బరువైన కలకనీటి ప్రవాహమై, గంటకు పదుల కిలోమీటర్ల వేగంతో వాలు దిగిందని తేల్చారు. ఇదే టర్బిడిటీ కరెంట్. అంతకు రెండేళ్ల ముందే, 1950లో, డచ్ భూవిజ్ఞాని ఫిలిప్ కుయెనెన్, ఇటలీకి చెందిన కార్లో మిగ్లియోరిని మరో దారిలో ఇదే చోటికి చేరారు. అడుగున ముతక ఇసుక, పైకి పోయేకొద్దీ సన్న ఇసుక, ఆపై బురద ఉండే పొరలు ఇలాంటి ప్రవాహాలు వేగం తగ్గుతూ వదిలినవేనని వాళ్లు చూపించారు. 1962లో ఆర్నల్డ్ బౌమా ఫ్రెంచ్ ఆల్ప్స్‌లోని రాళ్లను పరిశీలించి, ఆ పొరల్లో అంతస్తులు ఏ వరుసలో ఉంటాయో వివరించాడు.

చాలాకాలం ఇదంతా పరోక్ష సాక్ష్యంగానే ఉండిపోయింది. ఇప్పుడు ప్రత్యక్ష కొలతలూ ఉన్నాయి. 2015–17 మధ్య కాలిఫోర్నియా తీరంలోని మాంటెరీ సముద్రగర్భ లోయలో పరికరాలు దింపిన శాస్త్రజ్ఞులు ఒక్క ఏడాదిన్నరలోనే పదికి మించి ప్రవాహాలను నమోదు చేశారు. అడుగుకు ఆనుకుని కదిలే దట్టమైన ఇసుక పొర బరువైన పరికరాలను సైతం ఈడ్చుకుపోయింది. 2020 జనవరిలో ఆఫ్రికాలోని కాంగో నది ముఖద్వారం నుంచి బయలుదేరిన ప్రవాహం సముద్రగర్భ లోయ వెంట 1,100 కిలోమీటర్లకు పైగా సాగి, దారిలోని ఇంటర్నెట్ కేబుళ్లను తెంపింది. అంటే ఇవి ఏ పురాతన యుగంలోనో జరిగి ముగిసిపోయినవి కావు, ఈ రోజుకీ సాగుతున్నవే. ఒక ప్రవాహం వదిలే పొర కొన్ని సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటుంది. అలాంటివి వేల సంఖ్యలో పేరుకుంటే కొండంత మేట అవుతుంది.

ఆ పేరుకోవడంలో క్రమం ఉంది, ఆ క్రమం ఆకారాల్లో కనిపిస్తుంది. వాలు నిటారుగా ఉన్నచోట ప్రవాహం అడుగును కోసుకుని పాయ ఏర్పరుస్తుంది. పాయ నిండి పొర్లినప్పుడు తేలికైన బురద, సన్న ఇసుక అటూ ఇటూ పడి గట్లు లేస్తాయి. బరువైన ఇసుక పాయ అడుగునే సాగిపోతుంది. గట్టుకు గండిపడితే ప్రవాహం కొత్త దారి పట్టి, పాత పాయను విడిచిపెట్టి, పల్లంలో మరో పాయ తీస్తుంది. వాలు తగ్గి చదునైన చోట పాయ తన బలం కోల్పోతుంది. అప్పుడు ఇసుక నాలుగు దిక్కులా పరుచుకుని విశాలమైన నాలుక ఆకారపు మేట అవుతుంది. వీటన్నిటికీ భిన్నమైనది కొండచరియ తరహాలో ఒక్కుమ్మడిగా విరిగి జారిన మేట. దానిలో పొరలు చెదిరి, మడతలుపడి, ముక్కలు ముక్కలుగా కలగలిసి ఉంటాయి. పాయ, గట్టు, నాలుక, జారుడు అన్న ఈ నాలుగే లోతు సముద్రపు మేటలకు ప్రధానమైన రూపాలు. గోదావరి డెల్టా రైతుకు గట్టు, గండి, మెరక, పల్లం కొత్త మాటలు కావు. నీటి పాయను నడిపించే సూత్రాల్లో చాలా భాగం నీటి అడుగున కూడా పనిచేస్తుంది. అయితే చుట్టూ గాలి బదులు నీరు ఉండటంతో కలకనీటికి, దాని చుట్టూ ఉన్న నీటికి సాంద్రతలో తేడా చాలా తక్కువ. అందువల్ల ప్రవాహాలు మరింత ఎత్తుగా లేస్తాయి, గట్లు మరింత వెడల్పుగా, కొన్నిసార్లు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి.

ప్రతిధ్వని నుంచి చిత్రానికి

సర్వే నౌక తన వెనక ఎయిర్ గన్లనూ, కిలోమీటర్ల పొడవున్న స్ట్రీమర్లనూ లాక్కుంటూ వెళ్తుంది. స్ట్రీమర్ అంటే నీటిలో ధ్వనిని వినే హైడ్రోఫోన్లు వరుసగా అమర్చిన పొడవాటి తీగ. కొన్ని సెకన్లకొకసారి ఎయిర్ గన్ అధిక పీడనంలో ఉన్న గాలిని నీటిలోకి వదులుతుంది. ఆ ధ్వని నీటిలో సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో దిగి, అడుగు పొరల్లోకి చొచ్చుకుపోతుంది. సాంద్రతను ధ్వని వేగంతో గుణిస్తే వచ్చే విలువను అకౌస్టిక్ ఇంపీడెన్స్ అంటారు. ఈ విలువ మారిన ప్రతి సరిహద్దు దగ్గరా ధ్వనిలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. సాంద్రత 2.0, వేగం సెకనుకు 2,000 మీటర్లు ఉన్న బురద పొర కింద, సాంద్రత 2.1, వేగం 2,200 మీటర్లు ఉన్న ఇసుక పొర ఉందనుకుంటే, ఆ సరిహద్దు నుంచి తిరిగొచ్చే తరంగం ఎత్తు వెళ్లిన తరంగంలో దాదాపు 7 శాతం మాత్రమే. శక్తి పరంగా అది అర శాతం కంటే కొంచెమే ఎక్కువ. ఇంత బలహీనమైన ప్రతిధ్వనిని అలల రొద మధ్య నుంచి వేరుచేయాలంటే ఒకే చోటును అనేక కోణాల నుంచి పదే పదే విని కూడాలి. స్ట్రీమర్ అంత పొడవుగా ఉండటానికి ఒక కారణం ఇదే.

విన్నది చిత్రంగా మారడానికి ఇంకా చాలా లెక్క కావాలి. హైడ్రోఫోన్‌కు తెలిసేది ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందన్నదే, ఎంత లోతు నుంచి వచ్చిందన్నది కాదు. అందుకే అనేక సీస్మిక్ చిత్రాల్లో నిలువు గీత మీద ఉండేవి మీటర్లు కాదు, సెకన్లు. దీనివల్ల ఆకారం కూడా మోసం చేయవచ్చు. అడుగున 500 మీటర్ల లోతున్న లోయ ఉందనుకుందాం. ఆ 500 మీటర్లు నీరైతే ధ్వనికి పోనూ రానూ 0.67 సెకన్లు పడుతుంది. పక్కన అదే ఎత్తు సెకనుకు 2,000 మీటర్ల వేగమున్న మట్టి అయితే 0.5 సెకన్లే. కాబట్టి లోయకు కింద ఉన్న చదునైన పొర, చిత్రంలో 0.17 సెకన్లు కిందికి కుంగినట్టు కనిపిస్తుంది. మీటర్లలోకి మారిస్తే అది సుమారు 167 మీటర్లు. లేని పల్లం ఒకటి పుట్టుకొస్తుంది. పొరల్లోని వేగాలను జాగ్రత్తగా అంచనా వేసి, ప్రతి ప్రతిధ్వనినీ అది నిజంగా బయలుదేరిన చోటికి చేర్చే గణనను మైగ్రేషన్ అంటారు. దాన్ని సరిగా చేస్తే ఈ భ్రమ చాలావరకు పోతుంది. ఆకారాన్ని నమ్మవచ్చు అన్న నా మాటలో ఈ షరతు ఇమిడి ఉంది: వేగాల లెక్క సరిగ్గా ఉంటేనే.

ఆ షరతు నెరవేరాక ఆకారాన్ని ఎందుకు నమ్మవచ్చు? ఎందుకంటే ఒక పాయ ఆకారం ఒక్క ప్రతిధ్వని మీద ఆధారపడదు. త్రిమితీయ సర్వేలో పన్నెండున్నర, ఇరవై అయిదు మీటర్ల వంటి దూరాలకు ఒకటి చొప్పున లక్షల కొలతలు ఉంటాయి. పక్కపక్కనున్న వేల కొలతలు కలిసి ఒకే వంకర గీతను చూపిస్తే అది యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం లేదు. 1977లో అమెరికన్ పెట్రోలియం భూవిజ్ఞానుల సంఘం ప్రచురించిన సీస్మిక్ స్ట్రాటిగ్రఫీ సంపుటంలో పీటర్ వెయిల్, ఆయన సహచరులు ప్రతిబింబాలు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతున్నాయి, ఎక్కడ కోతకు గురయ్యాయి అన్నదాన్నిబట్టి చరిత్ర చదివే పద్ధతిని స్థిరపరిచారు. త్రిమితీయ సర్వేలు వచ్చాక మరో దృష్టి అందింది. మేటను అడ్డంగా కోసి పైనుంచి చూడటం సాధ్యమైంది. నిలువు కోతలో నడుమ నుంచి రెండు వైపులా పలచబడే రెక్కలుగా కనిపించినవి, పైనుంచి చూస్తే వంపులు తిరుగుతూ సాగే పాయ, దాని గట్లు అని తేలతాయి. పాత మలుపు తెగి పక్కకు జరిగిన జాడలు, గండిపడి కొత్త పాయ చీలిన చోట్లు కనిపిస్తాయి. జారుడు మేట అయితే చెదిరిన ప్రతిబింబాలు, దాని అడుగున కింది పొరను గీసుకుంటూ పోయిన చాళ్లు కనిపిస్తాయి.

పదార్థం దగ్గర తడబాటు

ఆకారం వరకు ఉన్న ధీమా పదార్థం దగ్గర సడలుతుంది. ప్రతిధ్వని బలంగా వచ్చిందంటే రెండు పొరల మధ్య తేడా ఎక్కువ ఉందని మాత్రమే అర్థం. ఆ తేడా ఇసుక వల్లా, సున్నపురాయి వల్లా, గ్యాస్ వల్లా అన్నది ప్రతిధ్వని బలం ఒక్కటే చెప్పలేదు. పైన చెప్పిన లెక్కనే కొంచెం మారుద్దాం. అదే ఇసుకలో నీటి బదులు గ్యాస్ చేరి సాంద్రత 1.9కి, వేగం 1,700కి తగ్గిందనుకుంటే, ప్రతిధ్వని గుర్తు తలకిందులై, దాని పరిమాణం దాదాపు 11 శాతానికి పెరుగుతుంది. 1970లలో చమురు అన్వేషకులు వెదుకులాడిన ‘బ్రైట్ స్పాట్’ ఇదే. దీన్నిబట్టి ఎన్నో గ్యాస్ నిక్షేపాలు దొరికాయి, ఎన్నో ఖాళీ బావులూ తవ్వారు. కారణం ఏమిటంటే, నీటితో నిండిన మెత్తటి ఇసుకలో కొద్ది శాతం గ్యాస్ చేరినా ధ్వని వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తర్వాత గ్యాస్ ఎంత పెరిగినా వేగం పెద్దగా మారదు. కాబట్టి లాభసాటి నిక్షేపమూ, ఒకప్పుడు ఉండి కారిపోగా మిగిలిన కొద్దిపాటి గ్యాసూ చిత్రంలో దాదాపు ఒకేలా వెలుగుతాయి.

దీనికి మన సముద్రంలోనే మంచి నిదర్శనం ఉంది. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక కృష్ణా–గోదావరి బేసిన్‌లో సుమారు వెయ్యి మీటర్ల నీటి లోతున పదో సైట్‌లో డ్రిల్లింగ్ చేసింది. చల్లదనం, పీడనం కలిసి మీథేన్‌ను నీటి అణువుల చట్రంలో బంధించినప్పుడు ఏర్పడే మంచులాంటి పదార్థమే గ్యాస్ హైడ్రేట్. అది నిలవగలిగే పొర అడుగుభాగాన, సముద్రపు అడుగుకు సమాంతరంగా, అసలు పొరలను అడ్డంగా కోస్తూ, తలకిందులైన గుర్తుతో ఒక ప్రతిబింబం వస్తుంది. ఇది మేట వేసిన పొర కాదు, ఉష్ణోగ్రతా పీడనాల సరిహద్దు. దాని ఆధారంగా హైడ్రేట్ ఉంటుందన్న అంచనా నిజమైంది. దాదాపు 128 మీటర్ల మందాన హైడ్రేట్ బయటపడింది. అయితే అది ఇసుక రంధ్రాల్లో కాదు, బంకమట్టిలోని నిలువు పగుళ్లలో దాగి ఉంది. రంధ్రాల్లో సమంగా నిండి ఉందనుకుని విద్యుత్ నిరోధం నుంచి లెక్కవేస్తే హైడ్రేట్ వాటా చాలా ఎక్కువగా వచ్చింది. పీడనం పోకుండా పైకి తెచ్చిన కోర్లను, అంటే అడుగు నుంచి నిలువుగా కోసి తీసిన మట్టి నమూనాలను, కొలిస్తే అసలు వాటా అందులో కొంత భాగమేనని తేలింది. ‘ఉంది’ అన్న జవాబు సరైనదే, ‘ఎక్కడ, ఎంత’ అన్న జవాబును మాత్రం కోర్ సరిదిద్దింది.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ పద్ధతి మీద వచ్చే మొదటి అభ్యంతరం స్పష్టతకు సంబంధించింది. తరంగ పౌనఃపున్యం 40 హెర్ట్జ్, పొరలో వేగం 2,000 మీటర్లు అయితే తరంగదైర్ఘ్యం 50 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే పన్నెండున్నర మీటర్ల కంటే పలుచని పొర పైభాగాన్నీ అడుగుభాగాన్నీ విడివిడిగా చూడలేం. లోతు పెరిగేకొద్దీ పౌనఃపున్యం తగ్గి, వేగం పెరిగి, ఈ హద్దు ముప్పై మీటర్లకూ చేరుతుంది. ఒక్కో కలకనీటి ప్రవాహం వదిలిన పొర ముప్పై సెంటీమీటర్లు అనుకుంటే, చిత్రంలోని ఒక్క గీతలో నలభై ప్రవాహాల చరిత్ర ఇమిడిపోతుంది. వాక్యాలే కనబడనప్పుడు పుస్తకం చదివామని ఎలా అంటారన్నది ప్రశ్న. దీనికి జవాబు, సీస్మిక్ చిత్రం ఒక్కో ప్రవాహాన్ని చదువుతుందని ఎవరూ అనకూడదనే. పాయ వెడల్పు వందల మీటర్లు, గట్టు వెడల్పు కిలోమీటర్లు, నాలుక మేట పదుల కిలోమీటర్లు. ఆ కొలతల దగ్గర చిత్రం సరిపోతుంది. లోపలి సన్నని పొరల కోసం భూమ్మీదికి లేచిన పాత సముద్రపు మేటలను చూస్తారు. దక్షిణాఫ్రికాలోని కరూ బేసిన్‌లో, ఫ్రాన్స్‌లోని ఆనో ఇసుకరాళ్లలో, ఐర్లండ్‌లోని రాస్ శిలల్లో పాయలూ నాలుకలూ కొండ చరియల మీద కంటికి కనిపిస్తాయి. ఆ రాళ్లను కొలిచి, వాటి నుంచి కృత్రిమ సీస్మిక్ చిత్రం తయారుచేస్తే, ఏ వివరం మిగులుతుందో ఏది చెరిగిపోతుందో ముందుగానే తెలుస్తుంది. హద్దు ఎక్కడుందో తెలిసిన పరికరం హద్దు లేనట్టు నటించే పరికరం కంటే మేలు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. చిత్రంలో చూసేవాడికి తాను చూడాలనుకున్నదే కనిపిస్తుందని అంటారు. ఇది గాలివాటు మాట కాదు. 2007లో క్లేర్ బాండ్, ఆమె సహచరులు ఒకే కృత్రిమ సీస్మిక్ చిత్రాన్ని అనేకమంది భూవిజ్ఞానులకు ఇచ్చి భాష్యం చెప్పమన్నారు. వచ్చిన 412 భాష్యాల్లో అసలు నిర్మాణ చరిత్రను సరిగా పట్టుకున్నవి 21 శాతమే. తాము ఏ రంగంలో ఎక్కువ పనిచేశారన్నది వాళ్ల భాష్యాల మీద ప్రభావం చూపింది. ఆ పరీక్ష భ్రంశాలూ మడతలకు సంబంధించినదైనా, పాఠం ఇక్కడా వర్తిస్తుంది. దీన్ని చూసి పద్ధతినే వదిలేయమనడం తొందరపాటు. ఆ పరీక్షలోనే మరో సంగతి బయటపడింది. చిత్రంలో కనిపించే రూపం ఏ పరిణామ క్రమంలో ఏర్పడి ఉంటుందో అంచెలంచెలుగా ఆలోచించినవాళ్లు ఎక్కువగా సరైన జవాబు చేరారు. కాబట్టి ఒక్క భాష్యంతో సరిపెట్టుకోకుండా, ఒకే చిత్రానికి కనీసం రెండు పోటీ భాష్యాలు రాసుకుని, ఏ ఆధారం దొరికితే ఏది ఓడిపోతుందో ముందే చెప్పుకోవాలి. వ్యక్తి పక్షపాతానికి విరుగుడు మరింత తెలివైన వ్యక్తి కాదు, ముందుగా రాసిపెట్టుకున్న పరీక్ష.

మూడో అభ్యంతరం ప్రక్రియ గురించి. ఒకే ఆకారాన్ని వేర్వేరు ప్రక్రియలు తయారుచేయగలిగితే, ఆకారం నుంచి ప్రక్రియకు ఎలా వెళ్తారు? ఈ ప్రశ్నను దశాబ్దాలుగా గట్టిగా అడిగినవాళ్లలో భారతీయ సంతతికి చెందిన భూవిజ్ఞాని జి. షణ్ముగం ఒకరు. లోతు సముద్రపు ఇసుకలన్నిటికీ కలకనీటి ప్రవాహాలనే కారణంగా చెప్పడం అలవాటైపోయిందని, వాటిలో చాలావాటిని ముద్దగా కదిలిన ఇసుక ప్రవాహాలే వేశాయని ఆయన వాదించారు. 2009లో ఆయన, సహ రచయితలు కృష్ణా–గోదావరి బేసిన్ ప్లయోసీన్ యుగపు ఇసుకల కోర్లను పరిశీలించి, ఎగువ వాలు లోయల్లోని ఆ ఇసుకల్లో ముద్ద ప్రవాహాల మేటలూ, ఆటుపోట్ల గుర్తులూ ఉన్నాయని ప్రకటించారు. కలకనీటి ప్రవాహాల పాత్రను ఆయనకంటే ఎక్కువగా గుర్తించే శాస్త్రజ్ఞులు చాలామంది ఉన్నారు, వివాదం తేలిపోలేదు. నా వాదనకు మాత్రం ఈ వివాదం బలమే ఇస్తుంది. చిత్రంలో లోయ ఆకారం ఉందన్న విషయంలో ఇరుపక్షాలకూ పేచీ లేదు. పేచీ అంతా లోయను నింపిన ఇసుక ఎలా కదిలి వచ్చిందన్నదాని గురించే. దాన్ని తేల్చగలిగేది గుప్పెడు ఇసుకలోని రేణువుల అమరికే, ఎంత పెద్ద సర్వే చేసినా చిత్రం తేల్చలేదు.

అలాగైతే చిత్రం ఎందుకు, నేరుగా తవ్వితే పోదా అన్నది నాలుగో అభ్యంతరం. తవ్విన బావి అరచేతి వెడల్పు కోర్‌ను ఇస్తుంది. బెంగాల్ ఫ్యాన్‌లో ఒకచోట కోర్ తీస్తే, ఒక లోతు వరకు ఇసుక, ఆపైన బురద వచ్చిందనుకుందాం. హిమాలయాల్లో కోత తగ్గిందనా దానర్థం? లేక ఎక్కడో గట్టుకు గండిపడి పాయ వంద కిలోమీటర్లు పక్కకు జరిగిందనా? ఒక్క కోర్ దగ్గర నిలబడి ఈ రెండింటినీ వేరు చేయడం అసాధ్యం. అందుకే 2015 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమం 354వ యాత్ర ఉత్తర అక్షాంశం 8 డిగ్రీల వెంబడి తూర్పు పడమరలుగా ఏడు చోట్ల డ్రిల్లింగ్ చేసింది. ఆ ఏడు చోట్లనూ ముందే తీసిన సీస్మిక్ చిత్రాన్ని బట్టి ఎంచుకున్నారు. ఏ కోర్ పాయలో పడింది, ఏది గట్టు మీద పడింది, ఏది పాయలకు దూరంగా ఉందన్నది చిత్రం చెబుతుంది. ఆ పొరల వయసు, మూలం, రేణువుల పరిమాణం కోర్ చెబుతుంది. నది మారిందా, పాయ మారిందా అన్న ప్రశ్నకు ఈ రెండూ కలిసినప్పుడే జవాబు దొరుకుతుంది. చిత్రం లేని కోర్ సందర్భం లేని వాక్యం, కోర్ లేని చిత్రం అర్థం తెలియని లిపి.

పందెం పెద్దదైనప్పుడు

ఈ తేడాలు పండితుల చర్చకే పరిమితం కావు. 2002లో కృష్ణా–గోదావరి బేసిన్ డి6 బ్లాకులో ధీరూభాయి 1, 3 గ్యాస్ నిక్షేపాలు కనుగొన్నారు. వాలు మీద పాయలు, గట్లు వదిలిన భూవిజ్ఞానపరంగా చిన్న వయసు ఇసుకలవి. త్రిమితీయ సీస్మిక్ చిత్రాల్లో వాటి వంపులు స్పష్టంగా కనిపిస్తాయి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనమీటర్లు తీస్తామని ప్రణాళిక. 2010లో సుమారు 6 కోట్లకు చేరిన ఉత్పత్తి తర్వాత వేగంగా పడిపోయింది. నిల్వల అంచనా దాదాపు మూడో వంతుకు కుదించుకుపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ మూతపడ్డాయి. అనుకున్నన్ని బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం, భూగర్భం ఊహించినదానికంటే సంక్లిష్టంగా ఉండటమే కారణమని ఆ క్షేత్రాలను నడిపిన కంపెనీ వాదించాయి. ఆ వివాదంలో తీర్పు చెప్పడం ఈ పుస్తకం పని కాదు. అయితే పాయ మేటల్లో శాస్త్రపరంగా ఎప్పుడూ నిలిచే ప్రశ్న ఒకటుంది. ఒక ఇసుక మేట మరొక దానితో కలిసి ఉందా, మధ్యలో సన్నటి బురద తెర ఉందా? ఆ తెర మీటరు మందమే ఉన్నా గ్యాస్‌ను ఆపగలదు. పన్నెండు మీటర్ల కంటే పలుచనివాటిని విడదీయలేని చిత్రానికి అది కనబడదు. ఆకారం మీద ఉన్న ధీమాను, లోపల పొరలు కలిసున్నాయా లేదా అన్న ప్రశ్నకు కూడా వర్తింపజేయడం ప్రమాదకరమని చెప్పడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

ఇదే బేసిన్ క్రమశిక్షణ ఫలితాన్నీ చూపించింది. 2006లో హైడ్రేట్ బంకమట్టి పగుళ్లలో దొరికాక శాస్త్రజ్ఞులు తమ ప్రశ్నను మార్చుకున్నారు. ఉత్పత్తికి అనువైనది ఇసుకలోని హైడ్రేట్ కాబట్టి, ఇసుక ఎక్కడ మేటవేసి ఉంటుందో ఆకారాల నుంచి ముందు అంచనా వేశారు. పాయలు, గట్లు, వాటి చివర పరుచుకున్న మేటల జాడ చూసి చోట్లు ఎంచుకున్నారు. 2015లో జపాన్ నౌక చిక్యూ ఆ చోట్ల డ్రిల్లింగ్ చేసినప్పుడు, ఈసారి ఇసుక పొరల్లో నిండిన హైడ్రేట్ దొరికింది. ఆకారం ప్రశ్న అడిగింది, కోర్ జవాబిచ్చింది, ఆ జవాబు తర్వాతి ప్రశ్నను సరిదిద్దింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల ఈ సీస్మిక్ లెక్కల మీద ఏళ్ల తరబడి జరుగుతున్న పని ఈ గొలుసులో ఒక ముఖ్యమైన లంకె.

రేపు ఈ వాలు మీద మరిన్ని కేబుళ్లు, మరిన్ని పైపులైన్లు, మరిన్ని బావులు వస్తాయి. ఒక పాత జారుడు మేట మళ్లీ కదులుతుందా, ఒక పాయలో ప్రవాహాలు ఇంకా నడుస్తున్నాయా, ఒక ఇసుక మేటలో నిజంగా ఎంత గ్యాస్ ఉంది అన్న ప్రశ్నలకు జవాబులు ప్రజల సొమ్మునూ భద్రతనూ తాకుతాయి. కాబట్టి సీస్మిక్ చిత్రం ఆధారంగా ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా మూడు సంగతులు వేర్వేరుగా అడగడం పౌరులుగా మన హక్కు. చిత్రంలో చూసిన ఆకారం ఏమిటి? ఆ ఆకారం నుంచి ఊహించిన పదార్థం ఏమిటి? ఆ ఊహను ఏ బావిలో, ఏ కోర్‌తో పరీక్షించారు? మొదటిదానికి జవాబు ఉండి మూడోదానికి లేనిచోట, ఎన్ని రంగుల్లో ముద్రించినా ఆ చిత్రం ఇంకా ఊహే. మూడింటికీ జవాబున్నచోట, మనిషి కన్ను ఎన్నడూ చేరని లోతుల గురించి కూడా మనం ధీమాగా మాట్లాడవచ్చు.